వకీలును ఎంచుకోవడం మనకు ఎవరూ నేర్పలేదు

పోస్టు కొంచెం పెద్దదే. ఓపికగా చదవండి. చదివాక ఇంటికి ఫోన్ చేసినప్పుడు పెద్దవాళ్ళకు మన భాషలో చెప్పండి. వాళ్ళు దీన్ని చదవలేరు, కానీ ఎక్కువ అవసరం వాళ్ళకే.

మన ఊళ్ళల్లో వకీలు మాట వస్తే రెండే మాటలు వినపడతాయి. ఒకటి, "మనకెందుకు కోర్టు గొడవ." రెండోది, "పొలం అమ్మినా వకీలు ఫీజు తీరదు." ఈ రెండు మాటల భయంతో మనవాళ్ళు చివరి రోజు దాకా ఆగుతారు. ఆ చివరి రోజున ఎవరు దొరికితే వాళ్ళ కాళ్ళ మీద పడతారు. మా ఇంట్లో ఒక వ్యవహారం నడిచాక నాకు అర్థమైంది ఏంటంటే, మంచి వకీలు దొరకడం మన అదృష్టం మీద ఆధారపడే విషయం కాదు. ఏం అడగాలో తెలిస్తే ఎంచుకోవచ్చు. తొందరగా వెళ్తే ఖర్చు కూడా తక్కువే.

నేను అల్లూరి సీతారామరాజు జిల్లా వాడిని, కొండదొర. బీఏ మూడో సంవత్సరం, హాస్టల్లో ఉంటాను. మా ఇంట్లో పదో తరగతి దాటినవాడిని నేనే. అందుకే ఇంటికి ఏ కాగితం వచ్చినా నా చేతికే వస్తుంది. కరెంటు బిల్లు, ఆధార్, పాస్‌బుక్, బ్యాంకు మెసేజ్ అన్నీ. "నువ్వు సదువుకున్నోడివి కదా" అంటారు. మీలో చాలామందికి ఇది తెలిసిన సంగతే.

పోయిన ఏడాది మా ఊళ్ళో 19 ఇళ్ళవాళ్ళు కలిసి పసుపు అమ్మారు. ఎప్పుడూ ఎవరికి వాళ్ళు సంతకు మోసుకుపోయి, కాటా దగ్గర షావుకారు చెప్పిన తూకానికి తల ఊపి వచ్చేవాళ్ళు. ఈసారి కలిసి అమ్మితే రేటు వస్తుందని పెదనాన్న అందరినీ ఒప్పించాడు. ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పెట్టిన కొమ్ములు 2,400 కిలోలు అయ్యాయి. మైదానం నుంచి వచ్చిన ఒక వ్యాపారి కిలో 90 రూపాయలకు మాట్లాడుకున్నాడు. మొత్తం 2,16,000. యాభై వేలు చేతికి ఇచ్చి, మిగతా 1,66,000కి చెక్కు రాశాడు. సంఘం పేరు మీద ఖాతా లేదు కాబట్టి చెక్కు పెదనాన్న పేరు మీద రాయించుకున్నారు. ఎవరి పసుపు ఎన్ని కిలోలో మా చెల్లి ఒక నోటుపుస్తకంలో రాసింది. కాగితం అంటే అదే.

చెక్కు వేశారు. మార్చి 11న బ్యాంకు వెనక్కి ఇచ్చింది, ఖాతాలో డబ్బు చాలదని. దానితోపాటు ఇంగ్లీషులో ఒక చిన్న రిటర్న్ మెమో. పెదనాన్న దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వ్యాపారికి ఫోన్ చేశాడు. "వారం ఆగండి, మళ్ళీ వేసుకోండి" అన్నాడు. వారం అయ్యాక "మా అన్న కొడుకు పెళ్ళి, అయిపోనివ్వండి" అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

నేను ఉగాదికి ఇంటికి వెళ్ళేసరికి ఊరు ఊరులా లేదు. 1,66,000 పోయిందన్న బాధ ఒక ఎత్తు, పెదనాన్న మీద అనుమానం ఒక ఎత్తు. చెక్కు ఆయన పేరు మీద ఉంది కదా, డబ్బు తీసేసుకుని లేదంటున్నాడేమో అని ఒకరిద్దరు మొదలుపెట్టారు. మా మేనత్త, అంటే పెదనాన్న సొంత చెల్లెలు, ఆయనతో మాట్లాడటం మానేసింది. ఆమెవే 210 కిలోలు. కూతురి నర్సింగ్ ఫీజు కోసం దాచుకున్న పసుపు అది. పెదనాన్న నా చేతికి ఆ మెమో ఇచ్చి, "ఒరే, ఈ కాయితంలో ఏటుందో సరిగ్గా సూడు. నేను దొంగని కాదని ఇందులో ఉందా?" అన్నాడు. అరవై ఏళ్ళ మనిషి అలా అడిగితే ఎలా ఉంటుందో చెప్పలేను.

ఊళ్ళో గొడవ అయితే పెద్దలు కూర్చుని తేలుస్తారు. అది మనకు ఉన్న మంచి పద్ధతే. 1996 నాటి పెసా చట్టం కూడా మన ఆచారం ప్రకారం తగాదాలు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే హక్కు గ్రామసభకు ఉందని చెప్తుంది. కానీ మన పెద్దల మాట మన ఊరి పొలిమేర దాకే. మైదానంలో ఉన్న వ్యాపారి మన రచ్చబండ దగ్గరికి రాడు. బయటివాడితో వ్యవహారం పడినప్పుడు బయటి చట్టం తెలిసిన మనిషి మన తరఫున నిలబడాలి. ఆ మనిషే వకీలు.

మూడు రోజుల్లో ముగ్గురి దగ్గరికి వెళ్ళాం. పేర్లు వద్దు, విషయం ముఖ్యం.

మొదటివాడు కోర్టు బయట టైపు మిషన్ల దగ్గర మమ్మల్ని పట్టుకున్నాడు. తెల్ల చొక్కా, చంకలో ఫైలు. "ఫీజు ఏమీ వద్దు, గెలిస్తే వచ్చినదాంట్లో పావు వంతు ఇవ్వండి" అన్నాడు. పెదనాన్నకు అది నచ్చింది, చేతి నుంచి ఏమీ పోదు కదా అని. కానీ బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం కేసు గెలుపు మీద ఆధారపడే ఫీజు మాట్లాడుకోవడం, వచ్చే సొమ్ములో వాటా అడగడం వకీలుకు నిషిద్ధం. మన దేశంలో కోర్టులో వాదించాలంటే 1961 అడ్వకేట్స్ చట్టం కింద ఎన్‌రోల్ అయి ఉండాలి. ప్రతి వకీలుకూ ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఉంటుంది. నేను ఆ నంబరు అడిగాను. "సారుది వేరే, నేను సారు మనిషిని" అన్నాడు. అక్కడి నుంచి లేచి వచ్చేశాం.

రెండో ఆయన నిజంగా పెద్ద వకీలే. గది నిండా పుస్తకాలు, బయట పదిమంది క్లయింట్లు. గౌరవంగా కూర్చోబెట్టి టీ ఇప్పించారు. కథ అంతా విని, "సివిల్ దావా వేద్దాం, టైం పడుతుంది, కంగారు పడకండి" అన్నారు. ఆయన పేరు ఎక్కువగా హత్య కేసుల్లో వినపడుతుంది. మేం చెప్పింది మొత్తం విన్నారు కానీ మెమో మాత్రం చూడలేదు.

మూడో ఆమెను మా హాస్టల్ సీనియర్ అన్న ఒకాయన చెప్పారు. చెక్కు కేసులు, వ్యాపారుల లెక్కల కేసులు పద్నాలుగేళ్ళుగా చేస్తున్నారట. చిన్న గది, ఒక టేబుల్, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. మేం నమస్కారం పెట్టి ఇంకా కూర్చోకముందే ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "మెమో ఏ రోజు వచ్చింది?"

మార్చి 11 అన్నాను. ఆమె గోడ మీద క్యాలెండర్ వైపు తిరిగి వేలితో లెక్కపెట్టారు. "ఈ రోజు ఏప్రిల్ 2. ఇంకా ఎనిమిది రోజులు ఉన్నాయి. అదృష్టవంతులు" అన్నారు.

అప్పుడు ఆమె చెప్పింది మీ అందరికీ రాసుకోమని చెప్తున్నాను. చెక్కు చెల్లకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 1881, సెక్షన్ 138 కింద కేసు వేయొచ్చు. కానీ దానికి మెట్లు ఉన్నాయి. చెక్కు తిరిగి వచ్చిందని బ్యాంకు మనకు తెలియజేసిన రోజు నుంచి 30 రోజుల లోపల, ఆ చెక్కు మొత్తం కట్టమని రాతపూర్వకంగా నోటీసు పంపాలి. ఫోన్లో ఎన్నిసార్లు బతిమాలినా అది నోటీసు కాదు. నోటీసు అందాక అవతలి మనిషికి 15 రోజులు గడువు. ఆ లోపల కట్టకపోతే, ఆ తర్వాత నెల రోజుల లోపల మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు వేయాలి. నేరం రుజువైతే రెండేళ్ళ దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. ఒక మెట్టు దగ్గర తేదీ జారిపోతే ఈ దారే మూసుకుపోవచ్చు. అప్పుడు మిగిలేది మామూలు డబ్బు దావా. దానికి మూడేళ్ళ గడువు ఉంటుంది, కానీ జైలు భయం లేని దావాకు అలాంటి వ్యాపారి ఎంత భయపడతాడో మీరే ఊహించండి.

ఇంకో మాట చెప్పారు. పెదనాన్న అడిగాడు, "కేసు కోసం ఆళ్ళ ఊరు తిరగాలా అమ్మా?" అని. అక్కర్లేదట. 2015లో చట్టం మార్చారు. చెక్కు మన ఖాతాలో వేస్తే, మన ఖాతా ఉన్న బ్యాంకు శాఖ ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడే కేసు. కొండ దిగి వంద మైళ్ళు పోవాలనే భయంతోనే మనవాళ్ళు ఎందరో వదిలేసుకుంటారు. ఆ భయం ఒక్క వాక్యంతో పోయింది.

వ్యాపారి "ఆ చెక్కు ఊరికే సెక్యూరిటీకి ఇచ్చా, సరుకు బాగాలేదు" అంటే ఏం చేయాలి అని నేను అడిగాను. చెక్కు మీద సంతకం తనదే అయితే, అది బాకీ కిందే ఇచ్చాడని కోర్టు మొదట నమ్ముతుంది, కాదని చూపించాల్సిన బరువు అతని మీదే అన్నారు. "అయినా మీ దగ్గర తూకం చీటీ, లారీ నంబరు, వాట్సాప్ మెసేజ్ ఏది ఉన్నా తీసుకురండి" అన్నారు. చెల్లి లారీ దగ్గర బస్తాలతో దిగిన ఫోటో అప్పుడు పనికొచ్చింది. తేదీతో సహా ఉంది.

తర్వాత ఆమె నోటుపుస్తకం చూశారు. చాలాసేపు చూశారు. "చెక్కు ఒక్కరి పేరు మీద, సరుకు 19 మందిది. రేపు డబ్బు వచ్చాక మీలో మీకు గొడవ వస్తే నేను ఎవరి తరఫున నిలబడాలి?" అని అడిగారు. పెదనాన్న తల దించుకున్నాడు. ఆ గొడవ అప్పటికే వచ్చేసిందని ఆమెకు మేం చెప్పలేదు. ఆమే కనిపెట్టారు.

ఆమె చెప్పినట్టే చేశాం. రెండు పేజీల కాగితం తయారైంది. ఎవరి సరుకు ఎన్ని కిలోలు, యాభై వేలలో ఎవరికి ఎంత అందింది, ఇంకా ఎంత రావాలి, పెదనాన్న అందరి తరఫున మాత్రమే చెక్కు తీసుకున్నాడని, వచ్చిన ప్రతి రూపాయి కిలోల లెక్కన పంచాలని. ఊళ్ళో కూర్చోబెట్టి ఒక్కో వాక్యం మన భాషలో చదివి వినిపించాను. 19 ఇళ్ళవాళ్ళు సంతకాలు, వేలిముద్రలు వేశారు. మెమోలో ఏముందో కూడా అందరికీ చదివి చెప్పాను, డబ్బు పెదనాన్న ఖాతాలోకి రానేలేదని. మేనత్త అందరికంటే ఆఖరున వచ్చి వేలిముద్ర వేసింది. ఏమీ అనలేదు. వెళ్తూ వెళ్తూ "అన్నా, గంజి తాగినావా?" అంది. మా ఊళ్ళో కేసు ఆ రోజే సగం గెలిచినట్టు.

ఫీజు మాట కూడా చెప్తాను, ఎందుకంటే అది మనం ఎవరం పైకి మాట్లాడుకోం. నోటీసుకు 2,500. కేసుకు 15,000, మూడు విడతల్లో. టైపింగ్, పోస్టేజీ ఖర్చులు వేరే, రసీదుతో. ఏది దేనికో ఆమె ముందే ఒక కాగితం మీద రాసిచ్చారు. ఇంటికి లెక్కేస్తే వెయ్యి రూపాయలు కూడా పడలేదు. దానికంటే ఎక్కువ మనం సంతలో తూకంలోనే పోగొట్టుకుంటాం.

ఏప్రిల్ 4న రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వెళ్ళింది. 8న అందినట్టు రసీదు వచ్చింది. 15 రోజులు గడిచాయి, వ్యాపారి నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. మే రెండో వారంలో ఫిర్యాదు వేశారు. కేసుకు 16 అక్షరాల, అంకెల సీఎన్ఆర్ నంబరు ఇచ్చారు. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడో, ఈ రోజు ఏం జరిగిందో తెలుస్తుంది. హాస్టల్లో మెస్ లైన్లో నిలబడి నేను వాయిదా చూసి పెదనాన్నకు ఫోన్ చేసేవాడిని. "వకీలు ఏటి సెప్పింది?" అని అడగడానికి ఆయన బస్సు ఛార్జీలు పెట్టుకుని వెళ్ళాల్సిన పని తప్పింది. మీ ఇంట్లో ఏదైనా కేసు నడుస్తుంటే ముందు ఆ నంబరు కనుక్కోండి.

సమన్లు అందాక వ్యాపారి తన వకీలుతో వచ్చాడు. మొదట వాదించాడు, తర్వాత రాజీకి వచ్చాడు. డిసెంబరులో జాతీయ లోక్ అదాలత్‌లో కూర్చున్నాం. ఇక్కడ పెదనాన్నకు కోపం వచ్చింది. "ఆడికి జైలు పడాలి, రాజీ ఏటి?" అన్నాడు. మేడం ఓపికగా చెప్పారు. కేసు ఇంకా నడిపితే ఎన్నేళ్ళు పడుతుందో చెప్పలేం, పైన అప్పీలు ఉంటుంది. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మీకు కావాల్సింది అతని జైలా, మీ పసుపు డబ్బా? "నిర్ణయం మీది, నేను చెప్పింది సలహా మాత్రమే" అన్నారు. పెదనాన్న బయటికి వెళ్ళి వచ్చినవాళ్ళందరితో మాట్లాడి, సరే అన్నాడు. ఖర్చులతో కలిపి 1,76,000, రెండు వాయిదాల్లో. 88,000 అదే రోజు ఇచ్చాడు. మిగతాది మార్చి ఆఖరుకి కట్టాలి. కట్టకపోతే అవార్డు చేతిలో ఉంది, అమలు చేయమని అడగొచ్చు. ఇంకా చేతికి రాలేదు కాబట్టి గెలిచేశాం అని నేను రాయను.

ఇక ఉచిత న్యాయ సహాయం గురించి. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్టీలకు ఉచితంగా వకీలును ఇవ్వాలి. మనకు ఆదాయ పరిమితి కూడా లేదు. ఎస్టీ అయితే చాలు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకో, మండల న్యాయ సేవల కమిటీకో తెల్లకాగితం మీద రాసివ్వొచ్చు. 15100కి ఫోన్ చేయొచ్చు. ఈ మాట మాకు చెప్పింది కూడా ఆ మేడమే. "మీకు ఆ హక్కు ఉంది, అక్కడికి వెళ్తానంటే ఫైలు తయారు చేసి ఇస్తా" అన్నారు. రోజులు తక్కువ ఉన్నాయని మేం ఆమెతోనే ఉన్నాం. ఊరికే ఇచ్చే వకీలు పట్టించుకోడని మనవాళ్ళు అంటారు. ఉచిత వకీలైనా, ఫీజు వకీలైనా మనం అడగాల్సిన ప్రశ్నలు ఒకటే. అడగకపోతే ఇద్దరూ పట్టించుకోకపోవచ్చు.

అనుభవం ఉన్న వకీలు అంటాం కదా, ఏ పనిలో అనుభవం అని మన ఏజెన్సీవాళ్ళు ఇంకో రెండు రెట్లు ఎక్కువ అడగాలి. ఎందుకంటే మన దగ్గర చట్టం వేరు. భూమి బదలాయింపు మీద 1959 నాటి ఒకటో రెగ్యులేషన్, దానికి 1970లో సవరణ, మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటాం. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు బదలాయిస్తే చెల్లదు. అమ్మకమే కాదు, తాకట్టు, లీజు, దానం కూడా బదలాయింపే. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం మొదట అనుకుంటుంది, కాదని అతనే నిరూపించుకోవాలి. ఈ కేసులు మామూలు సివిల్ కోర్టులో కాకుండా గిరిజన సంక్షేమ శాఖ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ ముందు నడుస్తాయి. సిటీలో ముప్పై ఏళ్ళు ఫ్లాట్ల కేసులు చేసిన వకీలు గొప్పవాడే కావొచ్చు, కానీ ఇది ఆయన రోజూ నడిచే దారి కాదు.

చట్టం పుస్తకంలో ఉంటే సరిపోదు, దాన్ని సరిగ్గా వాదించేవాళ్ళు కావాలి అనడానికి సమతా కేసే సాక్ష్యం. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల మన ఊళ్ళల్లో గనుల లీజుల మీద ఆ పోరాటం. రెగ్యులేషన్ అప్పటికే ఎన్నో ఏళ్ళుగా ఉంది. హైకోర్టులో ఓడిపోయారు. అయినా సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1997 జూలై 11న తీర్పు వచ్చింది. ఏజెన్సీలో ప్రభుత్వం కూడా గిరిజనేతరుడి కిందే లెక్క, ప్రైవేటు కంపెనీలకు అక్కడి భూమి లీజుకివ్వడానికి వీల్లేదని. అదే చట్టం, అవే ఊళ్ళు. ఒకచోట ఓటమి, ఒకచోట గెలుపు.

గొడవ వచ్చాక వెళ్ళడం గురించే ఇప్పటిదాకా రాశాను. సంతకం పెట్టకముందు వెళ్తే ఇంకా మంచిది. మా బావకు రోడ్డు పక్కన అరవై సెంట్లు ఉంది. మంచు చూడటానికి టూరిస్టులు రావడం మొదలయ్యాక ఒకాయన వచ్చి గుడారాల వ్యాపారం పెడదాం అన్నాడు. స్థలం తొమ్మిదేళ్ళ లీజు, నెలకు ఆరు వేలు, లైసెన్సు, లోను అన్నీ బావ పేరు మీద. "నీ పేరు మీదే కదా బాబూ, నీకేం భయం" అన్నాడు. స్టాంపు పేపరు మీద టైపు చేయించి నోటరీ దాకా తెచ్చాడు. బావ పెన్ను కూడా తీశాడు. నేను ఆపి, వెయ్యి రూపాయలకు మేడంతో చదివించాం.

ఆమె నాలుగు చోట్ల గీత గీశారు. లీజే చెల్లదు. నోటరీ ముద్ర పడినంత మాత్రాన చెల్లని ఒప్పందం చెల్లుబాటు కాదు. లోను బావ పేరు మీద కాబట్టి వ్యాపారం మునిగితే బ్యాంకు బావ గుమ్మం ముందుకే వస్తుంది, లాభం మాత్రం ఆయన తీసుకుంటాడు. నాలుగోది చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. తగాదా వస్తే ఆర్బిట్రేషన్, అది చెన్నైలో. ఆర్బిట్రేషన్ అంటే కోర్టు బయట ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి ఇచ్చే తీర్పు. దానికి కోర్టు తీర్పంత బలం ఉంటుంది. ఆ మధ్యవర్తి ఫీజు, చెన్నై రైలు ఛార్జీలు, అక్కడి వకీలు ఖర్చు మా బావ ఎక్కడి నుంచి తెస్తాడు? ఆ ఒక్క వాక్యంతో గొడవ రాకముందే బావ ఓడిపోయి ఉండేవాడు. ఇప్పుడు బావ సొంతంగా నాలుగు గుడారాలు వేసుకున్నాడు. బుకింగులు తెచ్చే మనిషికి కమిషన్ మాత్రం ఇస్తాడు. దానికి ఒక పేజీ ఒప్పందం, అందులో భూమి మాట లేదు, తగాదా వస్తే మన దగ్గరే తేల్చుకోవాలని ఉంది.

మా ఊరి పసుపు వాళ్ళు కూడా ఇప్పుడు సంఘాన్ని రిజిస్టర్ చేయిద్దామంటున్నారు. పదిమంది రైతులు ఉంటే ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చు. 19 మంది ఉన్నాం. ఈసారి చెక్కు సంఘం పేరు మీదే రావాలని అందరి మాట.

ఇక వకీలు దగ్గరికి వెళ్ళినప్పుడు అడగాల్సినవి. మా అనుభవంలో పనికొచ్చినవి మాత్రమే రాస్తున్నా.

ఒకటి, ఇలాంటి కేసులే ఎన్ని చేశారు? మొత్తం ఎన్నేళ్ళ ప్రాక్టీసు అని కాదు.

రెండు, నా కేసులో గడువు తేదీలు ఏవి? ఈ ప్రశ్నకు వెంటనే క్యాలెండర్ చూసేవాళ్ళు మంచివాళ్ళు.

మూడు, ఫీజు ఎంత, ఖర్చులు ఎంత, ఏ విడతలో ఎంత? రసీదు ఇస్తారా?

నాలుగు, కోర్టు బయట తేలే దారి ఏదైనా ఉందా? రాజీ, మధ్యవర్తిత్వం, లోక్ అదాలత్.

ఐదు, ఇంతకుముందు అవతలి మనిషికి ఈ విషయంలో సలహా ఇచ్చారా? ఇచ్చి ఉంటే మన కేసు తీసుకోకూడదు. అది వాళ్ళ నియమమే.

వకాలత్‌నామా అంటే మన తరఫున మాట్లాడే అధికారం ఇచ్చే కాగితం. అది చదివాకే సంతకం. ఖాళీ కాగితాల మీద సంతకం ఎవరడిగినా వద్దు. అసలు పత్రాలు ఇస్తే జిరాక్స్ మన దగ్గర ఉంచుకుని, ఏమేం ఇచ్చామో రాయించుకోండి. ఫీజు బాకీ ఉందని కేసు కాగితాలు ఆపేసుకునే హక్కు వకీలుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. వకీలు మోసం చేస్తే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలి. కన్స్యూమర్ కోర్టు కుదరదు, 2024లో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది. మన వైపు నుంచి కూడా ఒక మాట: వకీలు దగ్గర ఏదీ దాచకండి. మనకు చెడ్డగా అనిపించే కాగితం కూడా ముందే చూపించండి. అవతలివాళ్ళు చూపించాక తెలిస్తే ఆమె మాత్రం ఏం చేయగలరు?

మనలో ఎవరైనా లా చదువుతుంటే దయచేసి కింద రాయండి. ఏజెన్సీ కేసులు చేసే మన వకీళ్ళు ఎవరో, ఏ కోర్టులో ఉంటారో మనకు ఒక జాబితా కావాలి. నా తర్వాతి పిల్లలకు హాస్టల్ సీనియర్ దొరకకపోవచ్చు.

లా చదవని నాలాంటి వాళ్ళం చేయగలిగింది ఒకటి ఉంది. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసి, ట్రంకు పెట్టెలో ఏ కాగితాలు ఉన్నాయో అడగండి. పట్టా, పాస్‌బుక్, పాత రసీదు, ఎవరో రాసిచ్చిన ప్రోనోటు, ఏదైనా సరే. సెలవులకు వెళ్ళినప్పుడు వాటన్నిటినీ ఫోటోలు తీసి, ఒక్కోదాని మీద తేదీ ఏమిటో పుస్తకంలో రాయండి. రేపు ఏ వకీలు దగ్గరికి వెళ్ళినా, తేదీ అడిగితే మన దగ్గర జవాబు ఉండాలి.

జై ఆదివాసీ.